ఉత్తర తెలంగాణలో బాలికల పాఠశాలలు, మహిళల వృత్తి జీవితం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆడపిల్లల కోసమే నడిచే బడులు చాలా రకాలు. పట్టణాల్లోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బాలికల ఉన్నత పాఠశాలలు, ఏజెన్సీ (గిరిజన ప్రాంతం)లోని ఆశ్రమ పాఠశాలలు, సంక్షేమ గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు (కేజీబీవీలు) వీటిలో ముఖ్యమైనవి. గురుకులాల్లో, కేజీబీవీల్లో చేరే అమ్మాయిల్లో ఎక్కువ మంది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల ఇండ్ల నుంచి వస్తారు. వారి అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, గల్ఫ్‌కు వలసపోయినవాళ్లు.

ఈ ప్రాంతంలో ఆడవాళ్లు పనిచేయడం కొత్త సంగతి కాదు. నాట్లు వేయడం, కలుపు తీయడం, పత్తి ఏరడం, బీడీలు చుట్టడం, వేసవిలో అడవికి పోయి తునికాకు తెంపడం ఏనాటి నుంచో ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. అందుకే ఇక్కడ బాలికల బడి ఫలితాన్ని 'ఎంతమంది ఆడవాళ్లు పనిలో చేరారు' అన్న లెక్కతో కొలవడం కుదరదు. కైకిలికి పోయే తల్లి బిడ్డ కొలువుకు పోగలిగిందా అన్నదే ఇక్కడి అసలు కొలమానం. ఆ మార్పులో పాఠాలది ఒక భాగం. పెండ్లికీ ఇంటి చాకిరికీ అడ్డంగా నిలిచి అమ్మాయికి కొన్నేండ్ల గడువు ఇవ్వడం రెండో భాగం. ఈ ప్రాంతపు అనుభవంలో రెండోదే పెద్దది.

పరిధి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. ఈ వ్యాసంలో కరీంనగర్, ఆదిలాబాద్ అన్నప్పుడు పాత ఉమ్మడి జిల్లాలనే ఉద్దేశించాం.

2011 జనగణన నాటికి నేటి తెలంగాణ ప్రాంతంలో స్త్రీల అక్షరాస్యత 57.99 శాతం. ఈ రెండు జిల్లాలూ ఆ సగటుకు దిగువనే ఉన్నాయి. ఆదిలాబాద్‌లోనైతే చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి నేడు ఇంటర్, డిగ్రీ చదువుతున్న చాలా మంది అమ్మాయిలు తమ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి ఆడవాళ్లు.

చారిత్రక నేపథ్యం

నిజాం పాలనలో బాలికల చదువు చాలా కాలం హైదరాబాద్ నగరం దాటలేదు. నాంపల్లి బాలికల పాఠశాల 1890లో, మహబూబియా బాలికల పాఠశాల 1907లో వచ్చాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల 1924లో మొదలైంది. తర్వాతి కాలంలో కోఠీ మహిళా కళాశాలగా పేరుపడింది ఇదే. 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఉర్దూ రాజ్యమేలిన ఆ రోజుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడపిల్లకు సొంత భాషలో హైస్కూలు చదువు అందని పండు. ఆ లోటు తీర్చడానికి మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. ఇక్కడి చదువుకు గుర్తింపు దొరకనందున పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకుని పరీక్షలు రాయించారు.

ఆ ఆలోచన ఉత్తర తెలంగాణను తాకడానికి ఎన్నో ఏండ్లు పట్టలేదు. 1935లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షత వహించింది మాడపాటివారే. మహాసభలతో పాటు మహిళా సభలు జరపడం అప్పటికి ఆనవాయితీ. బాల్యవివాహాలు, ఘోషా, స్త్రీ విద్య ఆ సభల్లో తరచూ చర్చకు వచ్చేవి. సిరిసిల్ల చుట్టుపక్కల బాలికల బడులు నిలదొక్కుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టినా, ఆడపిల్ల చదువు నలుగురిలో మాట్లాడుకునే విషయమైంది.

ఆదిలాబాద్ కథ వేరు. 1940లో జోడేఘాట్‌లో గిరిజన తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి ఏర్పడింది. మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఆ నేపథ్యంలోనే వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆ కేంద్రంలో తయారైన తొలి తరం ఉపాధ్యాయులు యువకులు. అమ్మాయిల వంతు రావడానికి ఆశ్రమ పాఠశాలల దాకా ఆగాల్సివచ్చింది. హైమండార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ అడవుల్లో ఆయన వెంటే ఉండి పనిచేసింది. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటా స్త్రీ విద్య మీద చర్చకు ఒక తెలుగు మహిళ ముందు నిలిచింది. 1958లో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలు. బాలికల చదువును ప్రత్యేక సమస్యగా చూసి, దానికి ప్రత్యేకంగా నిధులు, యంత్రాంగం ఉండాలని ఆ కమిటీ గట్టిగా చెప్పింది. ఆ వెంటనే వచ్చిన హంసా మెహతా కమిటీ బాలురకూ బాలికలకూ వేర్వేరు పాఠ్యాంశాలు ఉండాలన్న వాదాన్ని తోసిపుచ్చింది. బడి వేరుగా ఉన్నా పాఠం ఒకటే కావాలన్న ఈ సూత్రం లేకపోతే, బాలికల బడులు కుట్టుపని, వంటల దగ్గరే ఆగిపోయేవి.

గురుకుల వ్యవస్థకు బీజం వేసింది కూడా ఈ ప్రాంతపు బిడ్డే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన, మంథని నుంచి శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సాంఘిక సంక్షేమ గురుకులాలను తెచ్చింది. 2004లో కేంద్రం కేజీబీవీ పథకాన్ని ప్రకటించింది. 2014 తర్వాత తెలంగాణలో గురుకులాల సంఖ్య వెయ్యికి దగ్గరగా చేరింది. 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ 30 మహిళా డిగ్రీ కళాశాలలు తెరిచింది. అంతకుముందు ఇంటర్‌తో ఆగిపోయే గురుకుల దారి డిగ్రీ దాకా సాగింది.

బడుల రకాలు

పట్టణ బాలికల ఉన్నత పాఠశాల అన్నింటికంటే పాతది. అమ్మాయి పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోతుంది. ఊళ్లో మగపిల్లలతో కలిసి కూర్చోబెట్టడానికి ఇష్టపడని తల్లిదండ్రులు కూడా ఈ బడికి పంపేవారు. ఏడో తరగతితో ఆగే చదువు పదికి చేరడంలో ఈ బడులు చేసిన మేలు తక్కువేం కాదు. కరీంనగర్, జగిత్యాల వంటి పట్టణాల్లో వీటికి కొనసాగింపుగా బాలికల జూనియర్ కళాశాలలు, మహిళా డిగ్రీ కళాశాలలు వచ్చాయి.

ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖవి. ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో గోండు, కొలాం, నాయక్‌పోడ్, లంబాడా, ఆంధ్ ఇండ్ల అమ్మాయిలు వీటిలో చదువుతారు. గూడెంలో గోండీయో కొలామీయో మాట్లాడిన పిల్లకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ పరాయి భాషలే. ఆ అమ్మాయి విషయంలో బడి తొలి మెట్టు అక్షరం కంటే ముందు భాషే.

సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. కేజీబీవీలో చేరడానికి పరీక్ష లేదు. ఆరో తరగతిలో చేరతారు. బడి మానేసినవారికి, తల్లినో తండ్రినో కోల్పోయినవారికి, నిరుపేద ఇండ్ల పిల్లలకు మొదటి చోటు. సీట్లలో కనీసం 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగిలినవి దారిద్ర్యరేఖకు దిగువ కుటుంబాలవారికి కేటాయించాలని పథకం చెబుతుంది. మొదట ఎనిమిదో తరగతి దాకా ఉన్న ఈ బడులు తర్వాత పదికి, 2018లో వచ్చిన సమగ్ర శిక్షతో ఇంటర్‌కు పెరిగాయి. తెలంగాణలో ఇవి 475కు పైగా ఉన్నాయి. బడి మానేసి పత్తి చేనులోకో బీడీల చాట ముందుకో పోయిన పిల్లను తిరిగి పుస్తకం దగ్గరకు తేవడానికి ఈ ప్రాంతంలో కేజీబీవీకి మించిన సాధనం లేదు.

ప్రభావం ఎలా పడుతుంది

మొదటిది గడువు. పదో తరగతి అయ్యేసరికి అమ్మాయికి 15, 16 ఏండ్లు. చేతికి టీసీ వచ్చిన ఆ వేసవి ఆమె బతుకులో పెద్ద మలుపు. ఊళ్లో ఉంటే సంబంధాలు మొదలవుతాయి. తల్లికి పనిలో చేయి కావాలి. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే 'ఎదిగిన పిల్లను ఇంట్లో పెట్టుకుని' అన్న భయం తల్లి ఒక్కతే మోయాలి. అదే బడిలో ఇంటర్ ఉంటే ఆ మలుపు రెండేండ్లు వెనక్కి జరుగుతుంది. డిగ్రీ గురుకులం ఉంటే ఐదేండ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏండ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెండ్లయింది. వృత్తి జీవితం మొదలు కాకుండానే ముగిసిపోయే తావు అదే. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి పథకం 18 నిండిన పెండ్లికూతురికే సాయం అందిస్తుంది. ఆ షరతుకు తోడు బడి పడక, బడి భోజనం చేతిలో ఉంటే, 'ఇంకా చదువుకుంటుంది' అని చుట్టాలకు చెప్పే ధైర్యం తల్లిదండ్రులకు వస్తుంది.

రెండోది దూరం, చాకిరి. జూన్‌లో గురుకులం గేటు ముందు కనిపించే దృశ్యం ఈ ప్రాంతంలో అందరికీ ఎరుకే. ఆటో దిగిన తండ్రి భుజం మీద ట్రంకు పెట్టె. దాని మూత మీద తెల్ల పెయింటుతో అమ్మాయి పేరు, తరగతి. తల్లి చేతిలో బకెట్, అందులో పళ్లెం, గ్లాసు, కొబ్బరినూనె సీసా. తాళం చెవిని నల్లదారానికి కట్టి బిడ్డ మెడలో వేసి, తల్లి చాలాసేపు అక్కడే నిలబడుతుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి తెల్లవారి వాకిలి ఊడవనక్కరలేదు, తమ్ముణ్ణి ఎత్తుకోనక్కరలేదు, బస్సు కోసం మూడు కిలోమీటర్లు నడవనక్కరలేదు. సాయంత్రం స్టడీ అవర్ అంటే నిజంగా చదువుకునే గంటే. అదే ఊళ్లో ఉన్న ఆడపిల్లకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పొయ్యి దగ్గర గడిచే సమయం.

మూడోది చేతి పని. కలిసి చదివే బడిలో సైన్స్ ల్యాబ్‌లో పరికరాలు మగపిల్లల చేతుల్లోకి పోయి, రికార్డు అందంగా రాసే పని ఆడపిల్లలకు మిగలడం చాలా చోట్ల కనిపించేదే. బాలికల బడిలో బ్యూరెట్ బిగించేదీ వాళ్లే, యాసిడ్ కొలిచేదీ వాళ్లే, గాజు పగిలితే మాట పడేదీ వాళ్లే. ప్రార్థనలో ఆర్డర్లు ఇచ్చేదీ, కబడ్డీ జట్టుకు కెప్టెనయ్యేదీ, మెస్ కమిటీలో నిలబడి బియ్యం తూకం చూసేదీ, కూరలో నీళ్లెక్కువయ్యాయని వార్డెన్‌ను నిలదీసేదీ అమ్మాయే. బడిలో ప్రతి పనికీ ఒక ఆడపిల్ల ఉండాల్సిందే కాబట్టి 'ఇది మగవాళ్ల పని' అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఏడేండ్లు అలా గడిపిన అమ్మాయి నలుగురిలో లేచి మాట్లాడటానికి వెనుకాడదు. ఉద్యోగాల ఇంటర్వ్యూలో, పంచాయతీ సభలో, ఆస్పత్రి వార్డులో అక్కరకు వచ్చేది ఆ అలవాటే.

నాలుగోది కళ్లముందున్న ఆడమనిషి. ప్రిన్సిపాల్, సబ్జెక్టు టీచర్లు, పీఈటీ, ఏఎన్ఎం, కేజీబీవీలో స్పెషల్ ఆఫీసర్ – అందరూ ఆడవాళ్లే. తన ఊళ్లో పొలంలో వంగిన తల్లినీ బీడీల చాట ముందు కూర్చున్న పెద్దమ్మనూ తప్ప చూడని అమ్మాయికి, ఫైలు మీద సంతకం చేసే ఆడవాళ్లను రోజూ చూడటమే ఒక పాఠం. 'పెద్దయ్యాక ఏమైతవ్' అని అడిగితే ఎక్కువ మంది అమ్మాయిలు 'టీచరమ్మనైత' అనడానికి మూలం ఇదే. ఆ జవాబులో ఎంత ఆశ ఉందో, అంత హద్దూ ఉంది.

వృత్తుల్లోకి దారులు

ఉపాధ్యాయ వృత్తి. బాలికల బడుల నుంచి అన్నిటికంటే వెడల్పైన దారి ఇదే. బాలికల గురుకులాల్లో బోధన కొలువులు సాధారణంగా మహిళలకే. పైగా 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో మహిళలకు మూడో వంతు కేటాయించింది. 2023లో గురుకుల నియామక మండలి 9 వేలకు పైగా పోస్టులకు ప్రకటనలు ఇచ్చినప్పుడు వాటిలో పెద్ద భాగం మహిళలకు దక్కేవి కావడానికి ఈ ఏర్పాటే కారణం. అంటే బాలికల బడి చదువుకునే చోటుగా మొదలై కొలువిచ్చే చోటుగా కూడా మారింది. గురుకులంలో చదివి, బీఈడీ చేసి, మరో గురుకులంలో టీచరై నిలిచే అమ్మాయి ఈ రెండు జిల్లాల్లో ఇప్పుడు అరుదైన మనిషి కాదు.

వైద్యం, ఆరోగ్యం. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చే దాకా ఉత్తర తెలంగాణ అమ్మాయికి ప్రభుత్వ వైద్య కళాశాల అంటే వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవడమే. 2022, 2023 సంవత్సరాల్లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, కరీంనగర్, ఆసిఫాబాద్, నిర్మల్, సిరిసిల్లల్లో వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. గురుకులంలో బైపీసీ చదివిన అమ్మాయికి ఎంబీబీఎస్, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదువులు ఇంటికి దగ్గరయ్యాయి. ఏజెన్సీలో గోండీ మాట్లాడగల నర్సు ఉండటం ఒక ఉద్యోగానికి మించిన విషయం. కాన్పుకు వచ్చిన గూడెం ఆడమనిషి తన బాధను తన భాషలో చెప్పుకోగలుగుతుంది.

యూనిఫాం కొలువులు, క్రీడలు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న కాలంలో ఆటలకు, సాహసాలకు పెద్ద పీట వేశారు. పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా పాకాల తండాకు చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏండ్ల 11 నెలలు. తర్వాత 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ అధిరోహించింది. గురుకుల విద్యార్థిని అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ భువనగిరిలో సైనిక ఉద్యోగాలకు సిద్ధం చేసే మహిళా డిగ్రీ కళాశాల పెట్టింది. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లోని సైనిక పాఠశాల మాత్రం బాలురకు. పూర్ణ కథ తర్వాత ఆసిఫాబాద్‌లోనో వేములవాడలోనో ఒక తండ్రి తన బిడ్డను శిక్షణ శిబిరానికి పంపేందుకు ఒప్పుకోవడం తేలికైంది. పేరు తెలిసిన ఒక్క అమ్మాయి గెలుపు పేరు తెలియని వందల మందికి ఊతమవుతుంది.

బొగ్గు పట్టీ. రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి ఊళ్లకు సింగరేణి బొగ్గు గనులే జీవనాధారం. 1952 గనుల చట్టం మహిళలను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల్లో మహిళలు భూగర్భ గనుల్లోకి వెళ్లేందుకు అనుమతించింది. గని కార్మికుడి బిడ్డ డిప్లొమానో మైనింగ్ ఇంజినీరింగో చదివి తండ్రి దిగిన గనికే అధికారిగా పోయే దారి ఇప్పుడు చట్టంలో ఉంది. అయితే ఆ దారి పట్టాలంటే పదో తరగతిలోనే గణితం, భౌతికశాస్త్రం మీద పట్టు ఉండాలి. ఈ బొగ్గు పట్టీ బాలికల బడుల్లో ఎంపీసీ విభాగం బలం ఎంతో, రేపటి గనుల్లో మహిళా అధికారుల సంఖ్య అంత.

పరిపాలన. బాలికల బడి ప్రభావాన్ని మరో కోణంలో చూపే ఉదాహరణ స్మితా సబర్వాల్. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని సెయింట్ ఆన్స్ బాలికల పాఠశాలలో, తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో చదివి, 2001లో ఐఏఎస్‌కు ఎంపికై, 2011లో కరీంనగర్ కలెక్టర్‌గా వచ్చారు. గర్భిణులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు చేయించుకునేలా ఆమె చేపట్టిన 'అమ్మలాలన' కార్యక్రమం జిల్లాలో పేరు తెచ్చుకుంది. నగర కాన్వెంటుకూ పల్లె కేజీబీవీకీ వసతుల్లో పోలిక లేదు. ఆడపిల్లే తరగతికి ముందు నిలిచే అలవాటు మాత్రం రెండింటిలోనూ ఒకటే. నగరంలో అది అదనపు బలం. పల్లెలో అదొక్కటే బలం.

ప్రపంచ పరిశోధనలు చెప్పేది

బాలికల బడి వల్ల మేలెంత అన్నది అంతర్జాతీయంగా తెగని చర్చ. బ్రిటన్‌లో 1958లో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనాన్ని ఆధారం చేసుకుని ఆలిస్ సలివన్, సహచరులు చేసిన పరిశీలనలో, బాలికల బడిలో చదివిన మహిళల సంపాదన 42 ఏండ్ల వయసులో కలిసి చదివినవారి కంటే కొంత ఎక్కువని తేలింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో విద్యార్థులను లాటరీ పద్ధతిలో బడులకు కేటాయించేవారు. అందువల్ల అక్కడ పోలిక న్యాయంగా కుదిరింది. అక్కడ కూడా వేరు బడుల విద్యార్థులు పరీక్షల్లో, కళాశాల ప్రవేశాల్లో ముందున్నారు. ట్రినిడాడ్‌లో 2010లో వెనుకబడిన 20 బడులను బాలురవి, బాలికలవిగా విడదీసినప్పుడు ఫలితాలు మెరుగయ్యాయి.

మరోవైపు, 2014లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్ష 21 దేశాలకు చెందిన 184 అధ్యయనాలను, 16 లక్షల విద్యార్థుల వివరాలను ఒకచోట పేర్చి చూసింది. కుటుంబ స్థితి, ప్రవేశ పరీక్ష వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న అధ్యయనాల్లో వేరు బడి వల్ల ప్రత్యేక మేలు దాదాపు కనిపించలేదని తేల్చింది.

ఈ రెండు రకాల ఫలితాలనూ ఉత్తర తెలంగాణకు యథాతథంగా అంటించలేం. బ్రిటన్‌లో, సియోల్‌లో బాలికల బడికి బదులు ఉన్నది కలిసి చదివే మరో మంచి బడి. ఆసిఫాబాద్ ఏజెన్సీలో, సిరిసిల్ల పల్లెలో బాలికల బడికి బదులు ఉన్నది చాలాసార్లు పత్తి చేను, బీడీల చాట లేదా పెండ్లి పందిరి. అందుకే ఇక్కడ ఫలితం పెద్దగా కనిపిస్తుంది. మగపిల్లలు లేకపోవడం వల్ల వచ్చిన మేలును హాస్టల్, భోజనం, రుసుము లేని చదువు వల్ల వచ్చిన మేలు నుంచి విడదీయడం కష్టం. ప్రవేశ పరీక్ష రాసి గెలిచిన గురుకుల విద్యార్థిని ఫలితాన్నీ పరీక్ష లేకుండా చేరిన కేజీబీవీ విద్యార్థిని ఫలితాన్నీ ఒకే గాటన కట్టడం కూడా తగదు. బాసరలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదో తరగతి మార్కుల మీద సీటు తెచ్చుకున్న పల్లె అమ్మాయిలు అబ్బాయిలతో కలిసే ఇంజినీరింగ్ చదువుతున్నారు, నిలదొక్కుకుంటున్నారు. ఉచిత వసతి, భద్రత ఉంటే కలిసి చదివే చోట కూడా ఆడపిల్ల రాణిస్తుందనడానికి ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే ఉన్న సాక్ష్యం ఇది.

పరిమితులు, విమర్శలు

మొదటి విమర్శ దారుల ఇరుకుదనం మీద. టీచరు, నర్సు, కానిస్టేబుల్ – ఈ మూడింటి చుట్టే ఆశలు తిరుగుతాయి. న్యాయవాది, ఆర్కిటెక్ట్, బ్యాంకు అధికారి, పత్రికా రచయిత, పరిశోధకురాలు వంటి మాటలు తరగతి గదిలో ఎంత తరచుగా వినబడితే అమ్మాయి కలకు అన్ని కిటికీలు. ఏడాదికోసారి ఎవరో వచ్చి ఇచ్చే కెరీర్ గైడెన్స్ ఉపన్యాసం ఆ లోటు తీర్చదు.

రెండోది, గోడల మధ్య పెరిగిన పిల్ల బయటి ప్రపంచాన్ని ఎదుర్కొనే తీరు. ఏడేండ్లు గేటు దాటని అమ్మాయికి హైదరాబాద్‌లో సిటీ బస్సు, కలిసి పనిచేసే ఆఫీసు, మగ బాస్ ఒక్కసారిగా ఎదురవుతాయి. భద్రత పేరుతో ఫోన్, ఔటింగ్, ఉత్తరాల మీద పెట్టే కట్టడి కొన్నిసార్లు బడిని కోటగా మారుస్తుంది. అమ్మాయికి కావలసింది కాపలా, దానితో పాటు బయట నడిచే సాధన.

మూడోది వసతులు. కిక్కిరిసిన గదులు, చాలని మరుగుదొడ్లు, నాసిరకం భోజనం గురించి వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. 2024లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో ఆహారం వికటించి విద్యార్థినులు అస్వస్థత పాలయ్యారు. వారిలో ఒక బాలిక హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ నవంబరులో కన్నుమూసింది. బిడ్డ బాగుపడుతుందని నమ్మి ట్రంకు పెట్టె మోసుకొచ్చిన తల్లిదండ్రులకు ఇంతకు మించిన ద్రోహం లేదు. అదే ఏడాది ప్రభుత్వం మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. పెంచిన ప్రతి రూపాయి పళ్లెంలోకి చేరిందా అని చూసే కన్ను కూడా అంతే అవసరం.

నాలుగోది, ఆదర్శంగా నిలవాల్సిన ఆడవాళ్ల స్థితి. కేజీబీవీల స్పెషల్ ఆఫీసర్లు, టీచర్లు ఏండ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. రాత్రీ పగలూ పిల్లలను కనిపెట్టుకుని ఉండే వీరికి పర్మినెంటు టీచరుతో సమానమైన జీతం లేదు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు కేజీబీవీల్లో పాఠాలకు ఆటంకం కలిగింది. చదివితే కొలువు వస్తుందని అమ్మాయిలకు చెప్పే టీచరమ్మ కొలువే రేపు ఉంటుందో లేదో తెలియని స్థితిలో ఉంటే, ఆ మాట ఎంత బరువుగా పిల్లల చెవిన పడుతుంది?

బడి తర్వాత

ఇంటర్ లేదా డిగ్రీ ముగిసి గేటు బయటకు వచ్చిన తర్వాతి రెండు మూడేండ్లు అమ్మాయి వృత్తి జీవితంలో అతి పలుచని చోటు. బడి ఇచ్చిన గడువు అక్కడ తీరిపోతుంది. పోటీ పరీక్షకు కోచింగ్, పట్టణంలో హాస్టల్, బస్ పాస్, దరఖాస్తు రుసుము – ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. డిగ్రీ పట్టా చేతిలో ఉండి కూడా పత్తి ఏరుతూనో బట్టల దుకాణంలో నిలబడో ఉన్న అమ్మాయిలను కోరుట్లలో, కాగజ్‌నగర్‌లో చూడొచ్చు. ఆ అమ్మాయి ఓడిపోలేదు. బడి వేసిన వంతెన అవతలి ఒడ్డుకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

ఆ రెండడుగులు వేయడానికి పెద్ద పథకాలే అక్కరలేదు. జిల్లా కేంద్రాల్లో ఉద్యోగాన్వేషణలో ఉన్న పూర్వ విద్యార్థినులకు ఏడాది పాటు హాస్టల్ వసతి, కొలువు సాధించిన అక్కలు చెల్లెండ్లకు నెలకోసారి ఎదురుగా కూర్చుని చెప్పే ఏర్పాటు, పదో తరగతి నుంచే గణితం, సైన్స్‌లకు పర్మినెంటు టీచరు – ఇవి చాలా దూరం తీసుకుపోతాయి.

ప్రతి బడిలోనూ ప్రవేశాల రిజిస్టరు ఒకటి ఉంటుంది. అందులో ఒక గడిలో అమ్మాయి పేరు, మరో గడిలో తండ్రి పేరు, చివర్లో బడి విడిచిన తేదీ, విడవడానికి కారణం. ఇన్నేండ్లుగా బాలికల బడుల విజయాన్ని పదో తరగతి ఉత్తీర్ణత శాతంతోనే చెప్పుకుంటున్నాం. ఆ రిజిస్టరులో మరో గడి గీసి, బడి విడిచిన ఐదేండ్లకు, పదేండ్లకు ఆ అమ్మాయి ఏం చేస్తున్నదో రాయడం మొదలుపెడితే, ఏ బడి ఎవరిని ఎక్కడిదాకా చేర్చిందో తెలుస్తుంది. ఆగిపోయినవారు ఎక్కడ ఆగారో కూడా తెలుస్తుంది. వారి దగ్గరకు మళ్లీ వెళ్లడానికి ఆ చిరునామా చాలు.